వాపా, బలుపా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. అనాటమీ ఎలాగో గట్టెక్కాను గానీ పాథాలజీ దగ్గర ఆగిపోయాను. హైపర్‌ట్రోఫీ, హైపర్‌ప్లేసియా, మెటాప్లేసియా, నెక్రోసిస్, ఎపాప్టోసిస్... రాత్రి బట్టీ పడితే పొద్దున్నకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మొన్న వార్డులో మంచం దగ్గరే వైవా పెట్టారు. తాగుడు వల్ల లివర్ పాడైన పెద్దాయన. పొట్టలో నీరు, కాళ్ళు బాగా వాచి ఉన్నాయి. "ఈయన కాళ్ళు ఎందుకు వాచాయి?" అని సార్ అడిగారు. "ఎడిమా సార్" అన్నాను. "ఎడిమా అంటే వాపే కదమ్మా. వాపు ఎందుకొచ్చిందంటే వాపొచ్చి వాచింది అంటావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పేషెంటు కూడా నవ్వాడు. ఆ బెడ్ దగ్గరికి వెళ్ళాలంటేనే సిగ్గుగా ఉంది. నాకు ఇంగ్లీషు రాకపోవడం వల్లేనా ఇదంతా? ఈ సబ్జెక్టు ఎలా చదవాలి?
ఒక నర్సింగ్ విద్యార్థిని, ప్రకాశం జిల్లా

సమాధానం:

అమ్మాయీ,

పేషెంటు కూడా నవ్వాడు అని రాశావు చూడూ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క అదే. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు ఈ వాపు సంగతి తేలుద్దాం.

ఆ రోజు నీకు అడ్డం పడింది ఇంగ్లీషు మాట కాదు, తెలుగు మాట. పంటి నొప్పికి బుగ్గ పొంగినా వాపే, నెలలు నిండిన అమ్మాయికి పాదాలు ఉబ్బినా వాపే, బోదకాలూ వాపే, సెలైన్ ఎక్కించిన చెయ్యి పొంగినా వాపే. స్కానింగ్ రిపోర్టులో లివర్ సైజు పెరిగిందని ఉంటే ఇంటికెళ్ళి "లివర్ వాచిందట" అంటాం. లోపల జరిగింది మాత్రం దేనికదే వేరు. పుస్తకం వాటికి తలో పేరు పెట్టింది. నువ్వు ఆ పేర్లన్నీ తీసుకొచ్చి మళ్ళీ వాపు అనే ఒకే గోనెసంచిలో పోసేశావు. పొద్దున్నకి కలిసిపోవా మరి?

తమాషా ఏమిటంటే మన పల్లెల్లో ఇంతకంటే పట్టుగా చెప్పే మాటలున్నాయి. "కాళ్ళకి నీరు పట్టింది" అంటుంది అమ్మమ్మ. నీరు అన్న సంగతి ఆ మాటలోనే ఉంది, ఎడిమాకి అంతకంటే మంచి అనువాదం నాకు కనబడలేదు. చీము పట్టింది, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి, అరచెయ్యి కాయలు కాసింది, వేలు కుళ్ళింది... జబ్బు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే మీ పాథాలజీలో ఒక్కో మాటా ఒక్కో చాప్టరు. ఇక "వాపును చూసి బలుపు అనుకున్నట్టు" అన్న సామెత ఉంది కదా. మనుషుల్ని ఎత్తిపొడవడానికి వాడతాం గానీ, మీ సిలబస్‌లో మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే. ఇది పెరిగింది సరే, పని ఎక్కువై తట్టుకోవడానికి కండ పెంచుకుందా, లేక చేతకాక నీళ్ళు నింపుకుందా? జర్మనీలో రుడాల్ఫ్ విర్కో 1858లో జబ్బును అవయవంలో కాదు, కణంలో వెతకమన్నాడు. ఆయన మాటా మన సామెతా కలిపి పట్టుకుంటే నీకు సగం సబ్జెక్టు చేతికొస్తుంది.

నీటితో మొదలుపెడదాం. డెబ్భై కిలోల మగమనిషి ఒంట్లో దాదాపు 42 లీటర్ల నీళ్ళుంటాయి. అందులో 28 లీటర్లు కణాల లోపల. మిగతా 14 బయట. ఆ పద్నాలుగులో ప్లాస్మాగా నాళాల్లో తిరిగేది మూడు లీటర్ల పైచిలుకు, తక్కినది దాదాపు అంతా కణానికీ కణానికీ మధ్య సందుల్లో. మూడు గదుల ఇల్లనుకో. ఎవరైనా "వాచింది" అనగానే నీరు ఏ గదిలో చేరిందని అడగాలి.

మీ పెద్దాయన మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఎముక మీద బొటనవేలు పెట్టి, ఓ ఐదు పది సెకన్లు నొక్కి తీసి చూడు. గుంట పడుతుంది, వెంటనే పూడదు. నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి అలా నొక్కినప్పుడు మంచం మీదున్న అవ్వ "పూరీ పిండిలా ఉందా తల్లీ?" అని అడిగింది. అచ్చం అలాగే ఉంది. ఇప్పుడు ఆలోచించు: నీరు కణాల లోపల ఉంటే నీ వేలికి పక్కకి జరుగుతుందా? జరగదు. సందుల్లో విడిగా ఉంది కాబట్టే వేలి కింద నుంచి తప్పుకుంది, తిరిగొచ్చి గుంట పూడ్చడానికి దానికి కొంతసేపు పడుతోంది. అంటే నిండింది సందుల గది. ఏ మిషనూ లేకుండా ఒక్క వేలితో తేలిపోయింది.

అక్కడికెలా చేరింది? పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీస్తే నీరు కారిపోయి గట్టిది లోపల నిలుస్తుంది. కేశనాళికల గోడ దాదాపు ఆ గుడ్డలాంటిదే. రక్తం ఒత్తిడికి నీరు, ఉప్పు బయటికి కారతాయి. ప్రోటీన్లు, ముఖ్యంగా లివర్ తయారుచేసే ఆల్బుమిన్, లోపల ఉండిపోయి నీటిని తనవైపు గుంజుతూ ఉంటుంది. అయినా కొంత నీరు బయట మిగిలిపోతుంది. దాన్ని లింఫ్ నాళాలు ఊడ్చుకుపోయి మళ్ళీ రక్తంలో కలుపుతాయి. కాళ్ళకి నీరు పట్టిందంటే ఇందులో ఎక్కడో తేడా కొట్టింది. నెట్టుడు ఎక్కువై ఉండాలి, గుండె కుడివైపు అలిసిపోయి రక్తం వెనక్కి నిలబడిపోయినవాళ్ళలో లాగా. గుంజుడు తగ్గి ఉండాలి, మూత్రంలో ప్రోటీన్ పోతున్న పిల్లల్లో లాగా. గుడ్డకే చిల్లులు పడి ఉండాలి. లేదా మురుగు కాలవ పూడుకుపోయి ఉండాలి.

ఆ చివరిదే మన బోదకాలు. దోమ తెచ్చిన పురుగు లింఫ్ నాళాల్లో కాపురం పెడుతుంది, అవి చెడిపోతాయి, ఊడ్చేవాళ్ళు లేక నీరూ ప్రోటీనూ సందుల్లోనే పేరుకుంటాయి. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఏళ్ళు గడిచాక చర్మం మందమై బిరుసెక్కి ఎంత నొక్కినా పడదు. "నాన్‌పిటింగ్ ఎడిమా" అని నువ్వు బట్టీ పట్టిన మాట వెనకున్న కథ అంతే. ఊళ్ళో ఆశా వర్కరు ఇంటింటికీ తెచ్చి మింగించే బోదకాలు మాత్రల్లో డైఇథైల్ కార్బమజీన్ ఉంటుంది. దాన్ని అమెరికాలో లెడర్లే లాబరేటరీస్‌లో వెలికితీసిన పరిశోధనకు పెద్దదిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు గుర్తుపెట్టుకో, కాసేపట్లో మళ్ళీ వస్తారు.

ఇప్పుడు సార్ అడిగిన ప్రశ్నకి వద్దాం. ఏళ్ళ తరబడి తాగుడు, అందుకని లివర్ కణాలు చచ్చి ఆ చోట మచ్చ కట్టింది. అందుకని పేగుల నుంచి లివర్‌లోకి వచ్చే పోర్టల్ రక్తానికి దారి ఇరుకైంది. అందుకని ఆ వైపు ఒత్తిడి పెరిగి పొట్టలోకి నీరు ఊరింది. మరోపక్క లివర్ చిక్కిపోయింది, అందుకని ఆల్బుమిన్ తగ్గి గుంజుడు బలహీనమైంది. ఇంకోటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. పేగుల వైపు నాళాలు వదులై రక్తం అక్కడే నిలవడంతో కిడ్నీకి రక్తం తక్కువైందన్న అనుమానం వస్తుంది. అందుకని అది రెనిన్ వదులుతుంది, దాని వెనకే అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ వస్తుంది, దాంతో కిడ్నీ ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టేస్తుంది. ఒంటినిండా నీరున్న మనిషి కిడ్నీ ఒంట్లో నీళ్ళే లేవనుకుంటోంది! ఇప్పుడు ఆయన డ్రగ్ చార్టు తీసి చూడు. స్పైరనొలాక్టోన్ ఉండే అవకాశమే ఎక్కువ. అది ఆల్డోస్టిరోన్‌కి అడ్డుపడే మందు. భోజనంలో ఉప్పు తగ్గించమని, రోజూ బరువు చూడమని ఎందుకు రాశారో కూడా ఇదే గొలుసులో ఉంది. సార్‌కి నువ్వు ఇందులో మూడు "అందుకని"లు తెలుగులో చెప్పినా చాలేది. ఎడిమా అన్న మాట ఎత్తకపోయినా పోయేదేం లేదు.

వాపును బలుపు అనుకోవడం అనగానే నాకు కళ్ళముందు మెదిలేది ఓ బిడ్డ. బుగ్గలు నిండుగా, పాదాలు బొద్దుగా, చూడ్డానికి పుష్టిగా ఉంటుంది. దగ్గరికెళ్తే జుట్టు పాలిపోయి, చర్మం పెచ్చులూడి, ఏ బొమ్మ చూపించినా పట్టనట్టు ఉంటుంది. సరైన తిండి లేక వచ్చే జబ్బు, క్వాషియార్కర్. ఆ బొద్దుతనమంతా నీరు. తూకం కూడా మోసం చేస్తుంది. పక్కింట్లో అదే గంజి తాగిన మరో బిడ్డ ఎముకల గూడై మరాస్మస్‌లోకి పోతుంది. తిండి ఒకటే అయినప్పుడు జబ్బు రెండు రకాలు ఎందుకైంది? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ 1960ల్లో దీని గురించే రాశారు. మరాస్మస్ బిడ్డ ఒళ్ళు తన కండనీ కొవ్వునీ కరిగించుకుని ఎలాగో నెట్టుకొస్తోంది, క్వాషియార్కర్ బిడ్డలో ఆ సర్దుబాటే విఫలమైంది అని ఆయన వాదన. క్వాషియార్కర్ వాపుకి ఆల్బుమిన్ ఒక్కటే కారణమా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. బక్కబిడ్డ తట్టుకుంటోంది, బొద్దుబిడ్డ ఓడిపోతోంది. నేను పాథాలజీ అర్థం చేసుకున్నది ఆ రోజే అనుకుంటాను.

ఇక మొదటి గది, కణం లోపల. ఇక్కడి వాపు వేలికి దొరకదు. కణం బయట సోడియం లీటరుకి 140 మిల్లీమోల్స్ దాకా, లోపల అందులో పదో వంతు. పొటాషియం తిరగబడి ఉంటుంది: లోపల 140 దాకా, బయట నాలుగు చిల్లర. ఈ తేడా దానంతటది నిలబడదు. పడవలోకి ఊరే నీటిని తోడిపోస్తున్నట్టు, పొర మీదున్న పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోస్తూ రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ రాత్రీ పగలూ తిరుగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ దీన్ని 1957లో పట్టుకున్నాడు, నలభై ఏళ్ళ తర్వాత నోబెల్ వచ్చింది. పొటాషియం లోపలే దాక్కుని ఉంటుందనడానికి నీకు వార్డులోనే సాక్ష్యం ఉంది. సన్న సూదితో గబగబా రక్తం లాగి ట్యూబులోకి జోరుగా కొట్టావనుకో, ల్యాబ్ నుంచి "శాంపిల్ హీమోలైజ్ అయింది సిస్టర్, మళ్ళీ పంపండి" అని ఫోనొస్తుంది. ఎర్రకణాలు పగిలి లోపలి పొటాషియం ప్లాస్మాలో కలిసింది. ఆ రిపోర్టులో పెరిగిన పొటాషియం చూస్తే పేషెంటు గుండె ఏ క్షణాన ఆగుతుందో అన్నట్టుంటుంది, ఆయనేమో పక్కన ఇడ్లీ తింటుంటాడు.

పంపు తిరగాలంటే ఇంధనం కావాలి. అది ఏటీపీ. ఇక్కడే సుబ్బారావు గారు మళ్ళీ వస్తారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి, 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. అది చేతిఖర్చుకి దాచుకున్న డబ్బులాంటిది. ఏటీపీ అయిపోతుంటే చటుక్కున మళ్ళీ తయారుచేసి ఇస్తుంది. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ గుర్తించాడు, అదే కాలంలో వీళ్ళిద్దరూ కూడా. గుండెపోటు అనుమానమొస్తే సీకే–ఎంబీ అని ఓ టెస్టు రాసేవాళ్ళు, ఇప్పటికీ కొన్నిచోట్ల రాస్తారు. సీకే అంటే ఈ ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైమే. భీమవరం నుంచి మీ క్యాజువాల్టీ దాకా దారి ఒక్కటే.

గుండె రక్తనాళం మూసుకుందనుకో. ఆక్సిజన్ ఆగింది, అందుకని ఏటీపీ పడిపోయింది. ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ ముక్క కొట్టుకోవడం మానేస్తుంది, ఇంకా చావలేదు. పంపు మందగించింది, అందుకని సోడియం లోపలే ఉండిపోయింది, దాని వెనకే నీరు వచ్చింది, కణం ఉబ్బింది. ఇదీ అసలైన వాపు. ఆక్సిజన్ లేకుండా చక్కెర మండించడం వల్ల లాక్టిక్ ఆసిడ్ పేరుకుని లోపలంతా పులిసింది. ఈ దశలో రక్తం మళ్ళీ పారితే కణం కోలుకుంటుంది. 20 నుంచి 40 నిమిషాలు దాటితే పొర చిరుగుతుంది, కాల్షియం లోపలికి దూకుతుంది, ఇక వెనక్కి రాదు. అక్కడి నుంచి దాని పేరు నెక్రోసిస్. చిరిగిన పొరలోంచి ట్రోపోనిన్ అనే గుండె కండరపు ప్రోటీన్ రక్తంలోకి కారుతుంది. అది టెస్టులో తేలడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టే మొదటి రిపోర్టు మామూలుగా ఉన్నా మళ్ళీ పంపమంటారు. కణాలన్నీ ఒకేసారి చావవు గనుక ఆసుపత్రికి తొందరగా రమ్మని అంత గోల. లివర్‌కి ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్ చూడడం కూడా ఇదే తంతు. కణం లోపల ఉండాల్సింది రక్తంలో కనబడిందంటే ఎక్కడో పొర చిరిగింది.

ఇదే వాపు తలలో వస్తే మరీ ప్రమాదం. పొట్టయితే సాగుతుంది, కపాలం సాగదు. పక్షవాతం వచ్చిన మనిషికి మానిటాల్ పెట్టేది ఆ నీటిని రక్తంలోకి గుంజడానికి. చలికి ఆ సీసాలో పలుకులు కడతాయి, వెలుతురుకి పెట్టి చూడకుండా ఎప్పుడూ తగిలించకు.

బలుపు వైపు వద్దాం. నాగలి పట్టిన అరచెయ్యి కాయలు కాస్తుంది. చర్మం కణాలకు విభజన చేతనవును, సంఖ్య పెంచుకున్నాయి: హైపర్‌ప్లేసియా. గుండె కండరానికి ఆ విద్య దాదాపు లేదు. అందుకని బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఉన్న కణాలే లావెక్కుతాయి: హైపర్‌ట్రోఫీ. ఎక్కువైన బరువుకి ఎక్కువ మంది కూలీలను పెట్టుకోవడం ఒకటి, ఉన్న కూలీలే కండలు పెంచుకోవడం ఒకటి. గర్భసంచి తొమ్మిది నెలల్లో రెండు పనులూ చేస్తుంది. సిమెంటు కట్టు విప్పిన కాలు సన్నగా తేలడం దీనికి తిరగేసిన కథ, ఎట్రోఫీ. ఇక్కడ కణం దద్దమ్మ అయిపోయిందనుకోకు, పని లేనప్పుడు ఖర్చు తగ్గించుకుంది. ఇవన్నీ కణం గెలుస్తున్న కథలే. కాకపోతే బలుపుకి కూడా బిల్లు వస్తుంది. గోడ మందమైన గుండెకి రక్తనాళాలు అంతే దామాషాలో పెరగవు. పదేళ్ళు మోసిన బలుపు పదకొండో ఏట ఆయాసంగా బయటపడుతుంది.

మెటాప్లేసియాకి నీకు మన తీరం ఉదాహరణే చెబుతాను. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో కొందరు ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు, చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి ముందు తెల్లబారి మందమవుతుంది, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. అక్కడి దాకా చర్మం కవచం తొడుక్కుంటోందనవచ్చు. ఆ తర్వాత కణాల తీరూ వరసా తప్పుతాయి, దాని పేరు డిస్‌ప్లేసియా. కొందరిలో అది అంగిలి క్యాన్సర్ దాకా పోతుంది. విశాఖ డాక్టర్లు 1950ల్లోనే ఈ సంబంధం గురించి రాశారు. ఇది నీకు చెప్పాలన్న ఆత్రంలో అసలు మెటాప్లేసియాని దాటేశాను. అది మామూలుగా బీడీ తాగేవాళ్ళ ఊపిరిగొట్టంలో దొరుకుతుంది: చీపుర్లలాంటి సన్న కేశాలున్న కణాలు పోయి, పొగకి తట్టుకునే బండకణాలు వస్తాయి. పొగకి తట్టుకున్నాయి సరే, ఊడ్చేవాళ్ళు పోయారు. పొద్దున్నే ఆ ఖళ్ళుఖళ్ళు దగ్గు అందుకే.

ఇన్‌ఫ్లమేషన్ గురించి, అంటే దెబ్బకో క్రిమికో ఒళ్ళు రేపే మంట గురించి, ఒక్కటే చెబుతాను, అది నా పరువు పోయిన కథ. ట్రైనింగ్‌లో ఉండగా ఓ పేషెంటు చెయ్యి క్యాన్యులా దగ్గర పొంగింది. నేను రిపోర్టులో "ఇన్‌ఫ్లమేషన్" అని ఇంత పొడుగున రాసి సిస్టర్‌కి చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని, వేళ్ళ వెనకవైపుని ఆ వాపు మీద ఆనించింది. చల్లగా ఉంది. చుట్టుపక్కల చర్మం కంటే చల్లగా, పాలిపోయి, బిగిసి ఉంది. "ఇన్‌ఫ్లమేషన్ చల్లగా ఉంటుందా?" అంది. సూది నాళంలోంచి జారి సెలైన్ సందుల్లోకి పోతోంది, అంతే. ఇన్‌ఫిల్ట్రేషన్. సెలైన్ ఆపి, క్యాన్యులా తీసి, చెయ్యి ఎత్తుగా పెట్టాలి. అదే నరం వెంట ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే తాడులా గట్టిగా, నొప్పిగా ఉంటే ఫ్లిబైటిస్. నాళాలు వెడల్పయి రక్తం ఎక్కువ పారింది, అందుకని ఎరుపు, వేడి. గోడ చిల్లులు పడి ప్రోటీన్‌తో సహా నీరు కారింది, అందుకని వాపు. తెల్లకణాలు ఆ దారినే దిగాయి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ రెండు వేల ఏళ్ళ కింద రాసిపెట్టిన నాలుగూ నీ వేళ్ళ కిందే ఉంటాయి, ఆనించి చూస్తే.

ఎపాప్టోసిస్‌కి గ్రీకులో అర్థం ఆకులు రాలడం. పండుటాకు తనంతట తాను తొడిమ విడిచి రాలినట్టు, కణం ముక్కలుగా మడుచుకుని పోతుంది, పక్కవాటికి తెలియదు, చుట్టూ మంట రేగదు. కడుపులో బిడ్డకి వేళ్ళ మధ్య పొర పోయి వేళ్ళు విడివడేది ఇలాగే. నెక్రోసిస్ అంటే గాలికి కొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడ్డట్టు. షుగర్ పేషెంటు కాలివేలు నల్లబడడం, ఆ రకం. అన్నట్టు, క్షయలో వచ్చే కేసియస్ నెక్రోసిస్‌ని పుస్తకాలన్నీ చీజ్‌లా ఉంటుందంటాయి. నా తరంలో చీజ్ ఎవరం చూశాం? విరిగిన పాలు గుడ్డలో వడకట్టగా మిగిలిన పొడిపొడి ముద్ద అనుకో, సరిపోతుంది.

చదవడం ఎలాగన్నావు. ఓ నోటుపుస్తకం పెట్టు. డ్యూటీలో చూసిన ఒక్క పేషెంటుని, రోజుకి ఒక్కరినే, తెలుగులో రాయి. కంటికి కనబడినదానితో మొదలుపెట్టి "ఎందుకని?" అంటూ కణం దాకా దిగు. తర్వాత కణం దగ్గర నుంచి "అందుకని" అంటూ పైకి రా, డ్రగ్ చార్టు దాకా. ఏ రెండు లైన్ల మధ్య "అందుకని" అతకదో అక్కడ నీకు తెలియని ముక్క ఉంది, ఆ ఒక్క ముక్కకే పుస్తకం తెరువు. ఇంగ్లీషు పేరు చివరన మార్జిన్‌లో రాసుకో. పరీక్షలో ఇంగ్లీషులో రాయాలి, నిజమే, కానీ గొలుసు తెలిసినవాళ్ళకి చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాలు చాలు. మొదటి వారం పేజీ నిండా ఖాళీలే ఉంటాయి, కంగారుపడకు. పట్టికలు, ముద్దుపేర్లు, మొదటి అక్షరాలు కలిపి పాటలు కట్టుకోవడం నాకు నచ్చదు. పరీక్షకి రెండ్రోజుల ముందు కావాలంటే చేసుకో, ఇప్పుడొద్దు.

ఆ నవ్వు సంగతి. పేగుల్లో పుట్టే అమ్మోనియాని లివర్ యూరియాగా మార్చాలి. లివర్ చెడినప్పుడు, పైగా రక్తం లివర్‌ని తప్పించుకుని పక్కదారుల్లో పోతున్నప్పుడు, ఆ అమ్మోనియా మెదడుకి చేరుతుంది. అక్కడ ఆస్ట్రోసైట్లనే కణాలు దాన్ని గ్లుటమిన్‌గా మార్చి తమలో దాచుకుంటాయి, అందుకని నీటిని లాక్కుని ఉబ్బుతాయి. మళ్ళీ వాపే, ఈసారి వేలికి దొరకని చోట. అలాంటివాళ్ళు పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుంటారు, మాట తడబడుతుంది, పరధ్యానంగా ఉంటారు. సార్ వేసిన జోకు అర్థమై, అందరితోపాటు సరైన క్షణంలో నవ్వాడంటే ఆ రోజుకి ఆయన మెదడు బాగానే ఉంది.

అందుకని సిగ్గుపడకుండా రేపే ఆ బెడ్ దగ్గరికి వెళ్ళు. "తాతా, కాలు చూస్తాను" అని చెప్పి మెల్లగా నొక్కు, నీరు పట్టిన చర్మం నొప్పిగా ఉంటుంది. చేతులు ముందుకి చాపి ట్రాఫిక్ పోలీసు బండిని ఆపినట్టు అరచేతులు పైకి ఎత్తి పట్టుకోమను. మణికట్లు పక్షి రెక్కల్లా టపటపా జారిపడుతున్నా, నిన్న నవ్విన మనిషి ఇవాళ నిన్ను గుర్తుపట్టకపోయినా, ఆ అమ్మోనియా మెదడుకెక్కిందేమోనని, విరేచనం ఎప్పుడైందో అడిగి రాసుకుని, వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పు.